సైన్ ఇన్‌పుట్‌కు సిస్టమ్ ఇచ్చే జవాబు: ఎస్ స్థానంలో జె ఒమేగా పెట్టడం ఎందుకు చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు?

ఈఈఈ_మూడో_ఏడాది:

అందరికీ నమస్కారం. కంట్రోల్ సిస్టమ్స్‌లో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అధ్యాయం మొదలుపెట్టగానే ఒక చిన్న లెక్క దగ్గర ఆగిపోయాను. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (అవుట్‌పుట్‌కు ఇన్‌పుట్‌తో ఉన్న నిష్పత్తిని లాప్లాస్ చలరాశి ఎస్‌లో చెప్పేది) 1/(ఎస్ + 1) ఉన్న సిస్టమ్‌కు సైన్ టి ఇన్‌పుట్‌గా ఇస్తే అవుట్‌పుట్ ఏమిటన్నది ప్రశ్న. ఎస్ స్థానంలో జె ఒమేగా (జె అంటే −1 వర్గమూలం, ఒమేగా అంటే రేడియన్/సెకనులో ఫ్రీక్వెన్సీ) పెట్టి, ఒమేగా విలువ 1 తీసుకుంటే గెయిన్ (ఎత్తు ఎన్ని రెట్లయిందో) 0.707, ఫేజ్ (తరంగం ఎంత జరిగిందో) మైనస్ 45 డిగ్రీలు వచ్చాయి కాబట్టి 0.707 సైన్(టి − 45°) అని రాశాను. అదే లెక్కను ప్రారంభ స్థితి సున్నా అనుకొని లాప్లాస్ పద్ధతిలో, పాక్షిక భిన్నాలుగా విడదీసి చేస్తే 0.5(సైన్ టి − కాస్ టి) వచ్చింది, దానితో పాటు 0.5 ఈ^(−టి) అనే పదం కూడా వచ్చింది. మొదటి భాగం నేను ముందు రాసిన జవాబుతో సమానమేనని సరిచూసుకున్నాను, కానీ ఆ అదనపు పదం సంగతి ఏమిటి?

రెండో సందేహం ఇంకా మౌలికమైనది. ఎస్ అంటే సిగ్మా ప్లస్ జె ఒమేగా అని చెప్పినవారే, ఈ అధ్యాయంలోకి రాగానే సిగ్మాను తీసివేయమంటున్నారు. అలా తీసివేయడానికి ఆధారం ఏమిటో మా నోట్స్‌లో లేదు. మూడోది, లాగ్, లీడ్ నెట్‌వర్క్ (ఫేజ్‌ను వెనక్కి, ముందుకు జరిపే సర్క్యూట్ల) ప్రయోగంలో ఫ్రీక్వెన్సీ మార్చిన వెంటనే రీడింగ్ తీసుకోవద్దని చెప్తారు. ఎంతసేపు ఆగాలో తేల్చే సూత్రం ఏదైనా ఉందా?

తరంగిణి:

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. మీకు వచ్చిన రెండు జవాబులూ సరైనవే, అయితే అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. లాప్లాస్ పద్ధతి టి = 0 నుంచి జరిగిన మొత్తం కథను చెబుతుంది; జె ఒమేగా పద్ధతి ఆ కథలో చివరకు మిగిలే భాగాన్ని మాత్రమే చెబుతుంది. 0.5 ఈ^(−టి) అన్నది ట్రాన్సియెంట్, అంటే మొదట్లో వచ్చే తాత్కాలిక భాగం. ఇక్కడ టైమ్ కాన్‌స్టెంట్ (ఆ పదం 1/ఈ వంతుకు తగ్గడానికి పట్టే సమయం) 1 సెకను కాబట్టి 5 సెకన్లు గడిచేసరికి ఈ^(−5), అంటే దాదాపు 0.0067, దానిలో సగం మాత్రమే మిగులుతుంది. ఆ తరువాత ఓసిలోస్కోపు తెరమీద మీకు కనిపించేది 0.707 సైన్(టి − 45°) ఒక్కటే. మూడో ప్రశ్నకు కూడా దీనిలోనే సగం జవాబు ఉంది, మిగిలిన సగం సిస్టమ్‌కు ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పుడు వస్తుంది.

లూప్‌గెయిన్:

రెండో ప్రశ్నను కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే సిగ్మాను ఎవరూ తీసివేయడం లేదు. ఇన్‌పుట్ ఎలాంటిదో చెప్పినప్పుడే సిగ్మా సున్నా అని మీరు చెప్పేశారు.

ఈ సిస్టమ్‌ను అవకలన సమీకరణంగా రాస్తే, వై అవకలజం ప్లస్ వై ఈక్వల్ టు ఇన్‌పుట్ అవుతుంది. సైన్‌కు బదులు ఈ^(జె ఒమేగా టి) ఇన్‌పుట్‌గా ఇద్దాం. సైన్ దానిలోని ఊహాత్మక భాగమే కాబట్టి చివర్లో ఆ భాగాన్ని మాత్రం తీసుకుంటే సరిపోతుంది. అవుట్‌పుట్ కూడా అదే రూపంలో ఉంటుందని, దాని ముందు ఏదో ఒక సంకీర్ణ సంఖ్య గుణకంగా ఉంటుందని అనుకుని సమీకరణంలో పెట్టి చూడండి. ఈ^(జె ఒమేగా టి)ని అవకలనం చేస్తే జె ఒమేగా బయటకు వస్తుంది తప్ప తరంగం రూపం మారదు. అందువల్ల (జె ఒమేగా + 1) గుణించు ఆ గుణకం ఈక్వల్ టు 1 అని తేలుతుంది. ఆ గుణకమే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌లో ఎస్ బదులు జె ఒమేగా పెడితే వచ్చే విలువ. ఇన్‌పుట్ ఈ^(−2టి) అయి ఉంటే ఎస్ బదులు −2 పెట్టేవాళ్లం, పెరుగుతూ పోయే సైన్ అయి ఉంటే సిగ్మా కూడా ఉండేది. స్థిరమైన ఎత్తుతో సాగే సైన్ తరంగాన్ని ఎంచుకున్నాం కాబట్టి సిగ్మా సున్నా.

ఈ వాదన నిలబడటానికి మూడు షరతులు ఉన్నాయి. సిస్టమ్ లీనియర్‌గా ఉండాలి, దాని గుణకాలు కాలంతో పాటు మారకూడదు, పోల్స్ (ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ హారాన్ని సున్నా చేసే ఎస్ విలువలు) అన్నీ ఎడమ సగతలంలో, అంటే సిగ్మా రుణాత్మకంగా ఉన్నవైపు ఉండాలి. మొదటి రెండూ లేకపోతే 'సైన్ ఇస్తే అదే ఫ్రీక్వెన్సీలో సైన్ వస్తుంది' అన్న మాటే చెల్లదు. మూడోది లేకపోతే ట్రాన్సియెంట్ తగ్గదు. పరీక్షల్లో మొదటి రెండు షరతులను అందరూ రాస్తారు, మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు.

సైన్‌నే ఎందుకు ఎంచుకోవాలి అని కూడా కొందరు అడుగుతుంటారు. ఇదే సిస్టమ్‌కు 1 రేడియన్/సెకను స్క్వేర్ వేవ్ ఇస్తే అందులోని మొదటి హార్మోనిక్ 0.707 వంతుకు, మూడోది 0.316 వంతుకు, ఐదోది 0.196 వంతుకు తగ్గుతాయి, ఒక్కొక్కటి ఒక్కో ఫేజ్ తేడాతో వస్తుంది. బయటకు వచ్చేసరికి అది స్క్వేర్ వేవ్‌గా మిగలదు కాబట్టి, గెయిన్ ఎంత అని ఒక్క సంఖ్యలో చెప్పే వీలుండదు. రూపం చెడకుండా బయటకు వచ్చే తరంగం ఎక్స్‌పోనెన్షియల్ కుటుంబానిదే, సైన్ ఆ కుటుంబంలోనిదే.

ఇక అంకెలతో చూస్తే, మీ సిస్టమ్‌కు ఒమేగా 0.1 వద్ద గెయిన్ 0.995, ఫేజ్ మైనస్ 5.7 డిగ్రీలు, ఒమేగా 10 వద్ద గెయిన్ 0.0995, ఫేజ్ మైనస్ 84.3 డిగ్రీలు. బోడే ప్లాట్‌లో (ఫ్రీక్వెన్సీకి ఎదురుగా గెయిన్, ఫేజ్‌లను గీసే పటంలో) ఫ్రీక్వెన్సీ పది రెట్లయిన ప్రతిసారీ 20 డెసిబెల్ చొప్పున దిగే గీత ఈ రెండో అంకెలోంచే పుడుతుంది, అందులో పెద్ద రహస్యమేమీ లేదు.

తరంగిణి:

లూప్‌గెయిన్ గారి లెక్కకు ల్యాబ్ పక్షం నుంచి ఒక మాట కలుపుతాను. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో లాగ్ నెట్‌వర్క్ కడితే టైమ్ కాన్‌స్టెంట్ 1 మిల్లీసెకను, కార్నర్ ఫ్రీక్వెన్సీ (గెయిన్ 0.707కు దిగే చోటు) 1000 రేడియన్/సెకను. ఫంక్షన్ జనరేటర్ మీద ఉండేవి హెర్ట్జ్‌లు కాబట్టి మీరు తిప్పవలసింది 159 దగ్గరకు, 1000 దగ్గరకు కాదు. 1000 హెర్ట్జ్ పెట్టి, ఫేజ్ 45 బదులు 81 డిగ్రీలు వచ్చిందని సర్క్యూట్‌ను తప్పుపట్టే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. 159 హెర్ట్జ్ వద్ద 45 డిగ్రీలంటే ఆవర్తన కాలంలో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 0.785 మిల్లీసెకను ఆలస్యం. తెరమీద రెండు తరంగాల సున్నా దాటే చోట్ల మధ్య దూరాన్ని కొలిస్తే ఆ అంకె రావాలి.

గేట్_సాధకుడు:

లూప్‌గెయిన్ గారూ, మూడో షరతు విషయంలో నాకు అభ్యంతరం ఉంది. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ 1/(ఎస్ − 1) తీసుకున్నా జె ఒమేగా పెట్టడానికి ఎవరూ అడ్డురారు. ఒమేగా 1 వద్ద గెయిన్ 0.707, ఫేజ్ మైనస్ 135 డిగ్రీలు అని కాలిక్యులేటర్ చెబుతుంది. నైక్విస్ట్ పద్ధతిలో (ఓపెన్ లూప్ ప్లాట్ చూసి, లూప్ మూస్తే స్థిరంగా ఉంటుందో లేదో తేల్చే పద్ధతిలో) కుడివైపు పోల్స్ ఉన్న ఓపెన్ లూప్ సిస్టమ్‌లకు కూడా ప్లాట్ గీస్తున్నాం కదా? మరి అస్థిర సిస్టమ్‌కు ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ లేదని ఎలా అనగలం?

లూప్‌గెయిన్:

మంచి అభ్యంతరం, దీన్ని పూర్తిగా తేల్చుకోవడం అవసరం. నేను అన్నది ఫంక్షన్‌కు విలువ లేదని కాదు, ఆ విలువను నేరుగా కొలవలేమని.

ఆ సిస్టమ్‌కు సైన్ టి ఇచ్చి లాప్లాస్‌తో సాధిస్తే అవుట్‌పుట్ 0.5 ఈ^(టి) − 0.5(సైన్ టి + కాస్ టి) అవుతుంది. రెండో భాగాన్ని సరిచూస్తే అది కచ్చితంగా 0.707 సైన్(టి − 135°). అంటే మీరు చెప్పిన అంకె జవాబులో ఉంది. కానీ 10 సెకన్లకు మొదటి పదం విలువ 11,000 దాటుతుంది, ఒకటికి కూడా చేరని సైన్ భాగాన్ని అందులోంచి వెతికి తీయడం ఏ మీటరుకూ సాధ్యం కాదు. అంతకుముందే నిజమైన యంత్రం ఏదో ఒక హద్దుకు తగిలి ఆగిపోతుంది, అక్కడితో లీనియారిటీ కూడా పోతుంది.

అయినా కొలవడానికి దారి ఉంది. అదే సిస్టమ్ చుట్టూ గెయిన్ 2 ఉన్న కంట్రోలర్‌తో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ వేయండి. క్లోజ్డ్ లూప్ పోల్ ఎస్ − 1 + 2 = 0 నుంచి −1 వద్దకు వస్తుంది, లూప్ స్థిరపడుతుంది. ఇప్పుడు రిఫరెన్స్‌లో సైన్ ఇచ్చి, ట్రాన్సియెంట్ తగ్గాక, ప్లాంట్‌లోకి (కంట్రోలర్ నడిపే అసలు సిస్టమ్‌లోకి) వెళ్లే సిగ్నల్‌ను, ప్లాంట్‌నుంచి వచ్చే సిగ్నల్‌ను రెండింటినీ కొలిచి వాటి నిష్పత్తి తీయండి. వచ్చేది 1/(జె ఒమేగా − 1) మాత్రమే. ఒమేగా 1 వద్ద 0.707, మైనస్ 135 డిగ్రీలు. అయస్కాంతంతో ఇనుప బంతిని గాలిలో నిలబెట్టే ప్రయోగంలో ప్లాంట్ మోడల్‌ను పరీక్షించే పద్ధతి ఇదే, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్ లేకుండా ఆ బంతి క్షణం కూడా నిలవదు. నైక్విస్ట్ ప్లాట్‌లో కుడివైపు పోల్స్‌ను లెక్కపెట్టి సర్దుబాటు చేసుకుంటాం కాబట్టి అక్కడ కూడా ఇబ్బంది ఉండదు.

గేట్_సాధకుడు:

ఒప్పుకుంటున్నాను. సరిగ్గా ఊహాత్మక అక్షం మీదే పోల్స్, జీరోలు (లవాన్ని సున్నా చేసే ఎస్ విలువలు) ఉన్న సందర్భాలను కూడా ఇక్కడే పెడితే తరువాత చదివేవాళ్లకు పనికొస్తుంది.

2012 గేట్ పేపర్లో వచ్చిన ప్రశ్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ లవంలో (ఎస్² + 9)(ఎస్ + 2), హారంలో (ఎస్ + 1)(ఎస్ + 3)(ఎస్ + 4) ఉన్న సిస్టమ్‌కు సైన్ ఒమేగా టి ఇస్తే, స్టెడీ స్టేట్ అవుట్‌పుట్ ఏ ఒమేగా వద్ద సున్నా అవుతుందని అడిగారు. జె3 పెడితే ఎస్² + 9 సున్నా అవుతుంది కాబట్టి జవాబు 3 రేడియన్/సెకను. లాప్లాస్‌తో పొడవుగా చేయడం మొదలుపెట్టినవాళ్లకు అది పెద్ద లెక్క, తరంగిణి గారు చెప్పిన తేడా తెలిసినవాళ్లకు ఒక్క పంక్తి. 'స్టెడీ స్టేట్' అన్న మాట ఆ ప్రశ్నకు ప్రాణం. మొదటి కొన్ని సెకన్లలో అవుట్‌పుట్ సున్నా కాదు. ఈసీజీ యంత్రాల్లో 50 హెర్ట్జ్ కరెంటు శబ్దాన్ని అణిచే నాచ్ ఫిల్టర్ చేసేది కూడా ఈ జీరోల పనే.

పోల్స్ అక్షం మీద ఉంటే సంగతి వేరు. 1/(ఎస్² + 1)కు సైన్ టి ఇస్తే అవుట్‌పుట్ 0.5(సైన్ టి − టి కాస్ టి). రెండో పదంలో టి గుణకంగా ఉంది కాబట్టి ఎత్తు ఆగకుండా పెరుగుతూనే పోతుంది, గెయిన్ అనంతం అనడానికి అర్థం అదే. ఇంటిగ్రేటర్ మధ్యస్థం: 1/ఎస్‌కు సైన్ టి ఇస్తే 1 − కాస్ టి వస్తుంది. మైనస్ 90 డిగ్రీల ఫేజ్, 1 గెయిన్ ఉన్నాయి గానీ, ఆ స్థిరమైన 1 ఎప్పటికీ పోదు. కాస్ టి ఇచ్చి ఉంటే ఆ 1 వచ్చేదే కాదు. అంటే ఏ క్షణంలో స్విచ్ వేశామన్నది ఇంటిగ్రేటర్ ఎన్నటికీ మరిచిపోదు, స్థిరమైన సిస్టమ్ మాత్రం మరిచిపోతుంది.

ఈఈఈ_మూడో_ఏడాది:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు సర్. అయితే దీనికి కొనసాగింపుగా ఇంకో సందేహం. మాకు కావలసింది క్లోజ్డ్ లూప్ ఎలా ప్రవర్తిస్తుందన్నది. కానీ బోడే ప్లాట్, గెయిన్ మార్జిన్ (ఫేజ్ మైనస్ 180 అయిన చోట గెయిన్ 1కి చేరడానికి ఇంకా ఎన్ని రెట్లు పెరగవచ్చో), ఫేజ్ మార్జిన్ (గెయిన్ 1 అయిన చోట ఫేజ్ మైనస్ 180కి ఇంకా ఎన్ని డిగ్రీల దూరమో) అన్నీ ఓపెన్ లూప్‌కు గీస్తున్నాం. వాడబోయే సిస్టమ్‌ను వదిలేసి, తెంచిన లూప్‌ను పరీక్షించడం దేనికి?

లూప్‌గెయిన్:

ఈ ప్రశ్నకు జవాబు టెలిఫోన్ తీగల దగ్గర మొదలైంది. 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్‌ను ప్రతిపాదించినప్పుడు, కొన్ని యాంప్లిఫయర్లు నిలకడగా పనిచేయడానికి బదులు వాటంతట అవే కూత పెట్టడం మొదలుపెట్టేవి. పదుల కొద్దీ భాగాలున్న ఆ సర్క్యూట్లకు అవకలన సమీకరణం రాసి మూలాలు కనుక్కోవడం చేత్తో అయ్యే పని కాదు. కానీ లూప్‌ను ఒకచోట తెంచి, సైన్ తరంగం పంపి, తిరిగి వచ్చిన దాని ఎత్తును, ఫేజ్‌ను కొలవడం వాళ్లకు రోజువారీ పని. ఆ కొలతల నుంచే లూప్ మూసినప్పుడు ఏమవుతుందో చెప్పవచ్చని 1932లో హారీ నైక్విస్ట్ నిరూపించారు. అక్కడే పనిచేసిన హెండ్రిక్ బోడే దాన్ని డిజైన్ పద్ధతిగా మలచి 1945లో పుస్తకంగా తెచ్చారు. కాబట్టి ఓపెన్ లూప్‌ను ఎంచుకోవడానికి కారణం అది కొలవడానికి వీలుగా ఉండటం, కంట్రోలర్‌ను మార్చినప్పుడు దాని గెయిన్, ఫేజ్ ఓపెన్ లూప్ వక్రానికి నేరుగా కలుస్తాయి కనుక డిజైన్‌కు అనువుగా ఉండటం.

కె/(ఎస్(ఎస్ + 1)(ఎస్ + 2)) అనే మామూలు ఉదాహరణను తీసుకుందాం. ఒమేగా రూట్ 2 వద్ద ఇంటిగ్రేటర్ నుంచి 90, రెండో భాగం నుంచి 54.7, మూడో భాగం నుంచి 35.3 డిగ్రీలు కలిసి ఫేజ్ సరిగ్గా మైనస్ 180 అవుతుంది. అక్కడ గెయిన్ కె/6. కె విలువ 6 అయితే, ఆ ఫ్రీక్వెన్సీలో లూప్ చుట్టూ తిరిగిన సైన్ అదే ఎత్తుతో, తలకిందులై తిరిగి వస్తుంది; ఫీడ్‌బ్యాక్‌లోని మైనస్ గుర్తు దాన్ని మళ్లీ సరిచేస్తుంది. అంటే బయటి నుంచి ఇన్‌పుట్ అవసరం లేకుండానే ఆ తరంగం తనను తాను నిలబెట్టుకుంటుంది. లెక్కతో సరిచూడండి: ఎస్³ + 3ఎస్² + 2ఎస్ + 6 అన్నది (ఎస్ + 3)(ఎస్² + 2)గా విడిపోతుంది, మూలాలు రూట్ 2 వద్దే పడతాయి.

ఇప్పుడు కె = 3 తీసుకోండి. గెయిన్ మార్జిన్ 2, అంటే 6 డెసిబెల్, పరవాలేదనిపిస్తుంది. కానీ గెయిన్ 1 అయ్యే ఫ్రీక్వెన్సీ దాదాపు 0.97, అక్కడ ఫేజ్ మైనస్ 160 డిగ్రీలు, ఫేజ్ మార్జిన్ 20 డిగ్రీలే. గెయిన్ 1 అయ్యే చోట క్లోజ్డ్ లూప్ గెయిన్ 1/(2 సైన్(ఫేజ్ మార్జిన్‌లో సగం)) అవుతుంది. 10 డిగ్రీల సైన్ 0.1736 కాబట్టి ఇది 2.88. మూసిన లూప్‌కు మీరు 0.97 రేడియన్/సెకను వద్ద 1 వోల్టు సైన్ రిఫరెన్స్ ఇస్తే అవుట్‌పుట్ 2.88 వోల్టులు ఊగుతుంది. మీరు అడిగిన క్లోజ్డ్ లూప్ ప్రవర్తన ఓపెన్ లూప్ వక్రంలోనే ఇలా దాగి ఉంది. గెయిన్ మార్జిన్ ఒక్కటే చూసి డిజైన్‌ను ఆమోదించడం నాకు నచ్చని అలవాటు.

ఒక జాగ్రత్త. 'మైనస్ 180 వద్ద గెయిన్ 1 కంటే ఎక్కువ ఉంటే తరంగం ప్రతి చుట్టుకూ పెరుగుతుంది కాబట్టి లూప్ అస్థిరం' అనే వాదన వినడానికి బాగుంటుంది గానీ ఎల్లప్పుడూ నిజం కాదు. మైనస్ 180 గీతను ఒకటి కంటే ఎక్కువసార్లు దాటే సిస్టమ్‌లలో గెయిన్ తగ్గిస్తే అస్థిరమయ్యేవి కూడా ఉంటాయి. అందుకే మైనస్ 1 బిందువు చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందన్న నైక్విస్ట్ లెక్క అవసరమవుతుంది.

బాయిలర్_పక్కన:

నేను ప్రాసెస్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. పైన చెప్పినదంతా నిజమే, అయితే మా దగ్గర ఎవరూ సైన్ తరంగం పంపి కొలవరు. పది నిమిషాల టైమ్ కాన్‌స్టెంట్ ఉన్న టెంపరేచర్ లూప్‌ను తీసుకోండి. దాని కార్నర్ ఫ్రీక్వెన్సీలో ఒక్క ఆవర్తనం పూర్తికావడానికి దాదాపు 63 నిమిషాలు పడుతుంది. ట్రాన్సియెంట్ తగ్గేదాకా ఆగి, రెండు మూడు ఆవర్తనాలు కొలిచేసరికి సగం షిఫ్టు అయిపోతుంది, వక్రంలో అది ఒక్క బిందువు మాత్రమే. అంతసేపు ఉత్పత్తిని అటూ ఇటూ ఊపడానికి షిఫ్టు ఇంచార్జి ఒప్పుకోడు.

మాకు పనికొచ్చేది లూప్‌గెయిన్ గారు చెప్పిన ఆ మైనస్ 180 బిందువు ఒక్కటే. 1942లో జీగ్లర్, నికల్స్ ఇచ్చిన పద్ధతి అదే: ప్రపోర్షనల్ గెయిన్‌ను పెంచుతూ పోయి, లూప్ నిలకడగా ఊగడం మొదలైన చోట ఆ గెయిన్‌ను, ఆవర్తన కాలాన్ని రాసుకోవాలి. పీఐడీకి (ప్రపోర్షనల్, ఇంటిగ్రల్, డెరివేటివ్ మూడూ ఉన్న కంట్రోలర్‌కు) ఆ గెయిన్‌లో 0.6 వంతు, ఇంటిగ్రల్ టైమ్‌కు ఆవర్తన కాలంలో సగం, డెరివేటివ్ టైమ్‌కు ఎనిమిదో వంతు పెట్టాలి. లూప్‌ను అంచుదాకా తీసుకెళ్లే భయం ఉంది కాబట్టి, 1984లో ఆస్ట్రమ్, హేగ్లుండ్ కంట్రోలర్ బదులు కాసేపు రిలే (రెండే స్థితుల మధ్య మారే స్విచ్) పెట్టమన్నారు. రిలే అటూ ఇటూ కొట్టుకుంటుంటే ప్రాసెస్ ఒక నియమిత ఎత్తులో ఊగుతుంది. రిలే ఎత్తును 4తో గుణించి, దాన్ని π (3.14) గుణించు అవుట్‌పుట్ ఎత్తుతో భాగిస్తే ఆ హద్దు గెయిన్ దాదాపుగా వస్తుంది. చాలా కంట్రోలర్లలోని ఆటోట్యూన్ బటన్ వెనక ఉన్నది ఈ ఆలోచనే. రిలే పంపేది స్క్వేర్ వేవ్ అయినా, ప్రాసెస్ పై హార్మోనిక్స్‌ను అణిచేస్తుంది కాబట్టి బయటకు దాదాపు సైన్ వస్తుంది.

ఇంకో రెండు విషయాలు. మా లూప్‌లన్నిటిలో డెడ్ టైమ్ (ఇన్‌పుట్ మారాక అవుట్‌పుట్ కదలడం మొదలయ్యేదాకా గడిచే సమయం) ఉంటుంది. దాని గెయిన్ ఎప్పుడూ 1, ఫేజ్ మాత్రం ఫ్రీక్వెన్సీతో పాటు ఆగకుండా తగ్గుతూనే పోతుంది. ఒక నిమిషం డెడ్ టైమ్, రెండు నిమిషాల ఆవర్తనం ఉన్న తరంగానికి ఒంటరిగానే 180 డిగ్రీలు తింటుంది. గెయిన్ వక్రం మాత్రమే చూసేవారికి ఇది కనబడనే కనబడదు. రెండోది, బిగుసుకున్న కంట్రోల్ వాల్వ్. చిన్న సిగ్నల్‌కు కదలదు, పెద్ద సిగ్నల్‌కు ఒక్కసారిగా జరుగుతుంది. అలాంటి వాల్వ్ ఉన్న లూప్‌లో గెయిన్ ఎంతన్నది మీరు ఎంత ఎత్తు తరంగం పంపారన్న దానిమీద ఆధారపడుతుంది. ఇన్‌పుట్‌ను రెట్టింపు చేస్తే అవుట్‌పుట్ రెట్టింపు కాకపోతే, బోడే ప్లాట్ గీయడానికి ముందు వాల్వ్ గ్లాండ్ ప్యాకింగ్ చూడండి.

గ్రిడ్_గమనిక:

సైన్ పరీక్ష అసలు చేయరనే మాటకు ఒక మినహాయింపు. పెద్ద జనరేటర్ల ఎక్సైటేషన్ సిస్టమ్‌లలో (రోటరుకు ఫీల్డ్ కరెంటు ఇచ్చే ఏర్పాట్లలో) ఇది ఇప్పటికీ ఉన్నదే. పవర్ సిస్టమ్ స్టెబిలైజర్‌ను సర్దేటప్పుడు వోల్టేజ్ రెగ్యులేటర్ సమ్మింగ్ పాయింట్ దగ్గర చిన్న సిగ్నల్ ప్రవేశపెట్టి, టెర్మినల్ వోల్టేజ్ ఎంత ఎత్తులో, ఎంత ఫేజ్ ఆలస్యంతో స్పందిస్తుందో చూస్తారు. ఆ ఆలస్యానికి సరిపడా లీడ్ ఇవ్వడమే స్టెబిలైజర్ పని. అప్పుడే రోటరు ఊగిసలాటను అణిచే టార్క్ సరైన సమయంలో పడుతుంది.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఊగిసలాట ఒకే ఫ్రీక్వెన్సీలో ఉండదు. ఒక స్టేషన్ మిగతా గ్రిడ్‌తో ఊగేది సుమారు 1 నుంచి 2 హెర్ట్జ్ మధ్య. ఒక ప్రాంతంలోని యంత్రాలన్నీ కలిసి మరో ప్రాంతంతో ఊగేది 1 హెర్ట్జ్‌కు బాగా దిగువన. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైను ద్వారా దక్షిణ గ్రిడ్‌ను మిగతా దేశపు గ్రిడ్‌తో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిపాక, మన రాష్ట్రాల జనరేటర్లు కూడా ఆ పెద్ద ఊగిసలాటల్లో భాగమయ్యాయి. ఇప్పుడు (1 + 0.2ఎస్)/(1 + 0.02ఎస్) అనే లీడ్ బ్లాక్‌ను చూడండి. దాని గరిష్ఠ లీడ్ దాదాపు 55 డిగ్రీలు, అది 15.8 రేడియన్/సెకను వద్ద, అంటే 2.5 హెర్ట్జ్ వద్ద వస్తుంది. అదే బ్లాక్ 0.5 హెర్ట్జ్ వద్ద ఇచ్చేది 28.5 డిగ్రీలు మాత్రమే. స్థానిక ఊగిసలాటకు సరిపోయిన బ్లాక్ ప్రాంతాల మధ్య ఊగిసలాటకు కూడా సరిపోతుందో లేదో రెండు చోట్లా ఫేజ్ లెక్కగట్టి చూడాలి, ఒక ఫ్రీక్వెన్సీలో కొలిచి సంతకం పెట్టేస్తే సరిపోదు.

ఈఈఈ_మూడో_ఏడాది:

ఒక్క విషయం మిగిలింది. ఎంతసేపు ఆగాలన్న నా మూడో ప్రశ్నకు, ఫీడ్‌బ్యాక్ ఉంటే జవాబు మారుతుందని తరంగిణి గారు అన్నారు. లూప్‌గెయిన్ గారి కె = 3 ఉదాహరణలో ప్లాంట్ నెమ్మది పోల్ −1 వద్ద ఉంది కాబట్టి 5 సెకన్లు ఆగితే చాలదా?

తరంగిణి:

చాలదు. లూప్ మూసిన తరువాత ట్రాన్సియెంట్‌ను నిర్ణయించేవి క్లోజ్డ్ లూప్ పోల్స్, ప్లాంట్ పోల్స్ కావు. ఎస్³ + 3ఎస్² + 2ఎస్ + 3కు ఒక మూలం దాదాపు −2.67 వద్ద, మిగిలిన రెండూ −0.164 ప్లస్ ఆర్ మైనస్ జె1.05 దగ్గర ఉంటాయి. మొదటిది వెంటనే మాయమవుతుంది. మిగతా జంటకు టైమ్ కాన్‌స్టెంట్ 1/0.164, అంటే 6.1 సెకన్లు; అయిదు టైమ్ కాన్‌స్టెంట్లు ఆగాలంటే 30 సెకన్లు. ఆ ట్రాన్సియెంట్ కూడా దాదాపు 6 సెకన్ల ఆవర్తనంతో ఊగుతుంది, మీరు ఇచ్చే 0.97 రేడియన్/సెకను సైన్ ఆవర్తనం 6.5 సెకన్లు. రెండూ ఇంత దగ్గరగా ఉండటం వల్ల మొదటి కొన్ని ఆవర్తనాల్లో అవుట్‌పుట్ ఎత్తు క్రమంగా మారుతూ కనిపిస్తుంది, అప్పుడే రీడింగ్ తీస్తే 2.88 బదులు మరేదో అంకె పుస్తకంలోకి ఎక్కుతుంది.

ల్యాబ్‌లో పోల్స్ తెలియనప్పుడు వరుసగా వచ్చిన రెండు శిఖరాల ఎత్తు పోల్చండి. తేడా మీటరు చూపగలిగినదానికంటే తక్కువైతే రీడింగ్ రాసుకోవచ్చు. డ్యాంపింగ్ తక్కువ ఉన్న లూప్‌లో శిఖరం దగ్గరి ఫ్రీక్వెన్సీలకు ఈ పోలికను కొన్ని ఆవర్తనాలు ఎడంగా చేయండి, ఎందుకంటే అక్కడ పక్కపక్క శిఖరాల మధ్య తేడా చిన్నదిగా ఉండి మోసం చేస్తుంది. మీ లాగ్ నెట్‌వర్క్‌కు ఈ బాధేమీ లేదు. దాని 1 మిల్లీసెకను టైమ్ కాన్‌స్టెంట్‌కు, మీరు నాబ్ మీదినుంచి చేయి తీసేలోపే ట్రాన్సియెంట్ అయిపోతుంది. అక్కడ ఆగమని చెప్పేది ఎక్కువగా ఫంక్షన్ జనరేటర్ ఎత్తు ఫ్రీక్వెన్సీతో పాటు కొంచెం మారుతుంది కాబట్టి. ప్రతి రీడింగ్‌కూ ఇన్‌పుట్‌ను కూడా మళ్లీ కొలిచి నిష్పత్తి తీసుకోండి.

ఈఈఈ_మూడో_ఏడాది:

అర్థమైంది సర్. వచ్చే ప్రయోగంలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండింటినీ ప్రతి ఫ్రీక్వెన్సీకి పక్కపక్క నిలువు వరుసల్లో రాసుకుని, కె = 3 లూప్‌ను ఆప్ యాంప్‌లతో కట్టి 0.97 వద్ద ఎంత వస్తుందో ఇక్కడ పెడతాను.

లూప్‌గెయిన్:

కట్టేటప్పుడు రిఫరెన్స్‌ను 1 వోల్టుకు మించనివ్వకండి. ఆ ఫ్రీక్వెన్సీలో అవుట్‌పుట్ మూడు రెట్లకు దగ్గరగా ఊగుతుంది. శిఖరం మరికాస్త పై ఫ్రీక్వెన్సీలో, ఇంకొంచెం ఎత్తుగా ఉంటుంది. 12 వోల్టుల సప్లైతో నడిచే ఆప్ యాంప్‌కు 4 వోల్టుల ఇన్‌పుట్ ఇస్తే తరంగం తల తెగుతుంది, ఆ తరువాత మీరు కొలిచేది ఈ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ గెయిన్ కాదు.